ఆకాశంలో అరగంట

రాత్రి పది గంటలు దాటిన తరువాత రేడియో ముల్లును మధ్యతరంగాల మీద మెల్లగా త్రిప్పి చూచినవారికి ఒక వింత అనుభవం కలుగుతుంది. పగలంతా నిర్మలంగా వినిపించిన కేంద్రం వెనుకనుంచి మరొక గొంతు, తెలియని భాషలో, తేలివస్తుంది. కొంతసేపు పైకి లేచి మరల మునిగిపోతుంది. ప్రసార కేంద్రంలో రాత్రి డ్యూటీ చేసే మావంటివారికి ఇది చిరపరిచితమైన విషయమే. పగటిపూట ఈ తరంగాలు నేలను అంటిపెట్టుకొని కొంతదూరం సాగి క్షీణిస్తాయి. ప్రొద్దు క్రుంకిన తరువాత అవే తరంగాలు చాలా ఎత్తున ఉన్న అయనావరణమనే పొరను తాకి, వంగి, వందలకొలది మైళ్ల దూరాన మరల నేలకు దిగుతాయి. కనుక ఒక పట్టణంలో ఒక కేంద్రానికి ఒక తరంగాన్ని కేటాయించామంటే, ఎంతో దూరంలో ఉన్న మరొకరిని ఆ తరంగం జోలికి రావద్దని చెప్పినట్లే. ఆకాశానికి మేర లేదని కవులు అంటారు. ఇంజనీర్లతో కలిసి పనిచేసేవాళ్లం కనుక మేము ఆ మాట అనలేము.

ఆ మేర ఎంతో లెక్క కూడ చెప్పవచ్చు. 1975లో జెనీవా నగరంలో ఆసియా, ఆఫ్రికా, ఐరోపా దేశాలు, ఆస్ట్రేలియాతో సహా, ఒకచోట కూడి, మధ్యతరంగాల పట్టీని తొమ్మిదేసి కిలోహెర్ట్జుల మెట్లుగా పంచుకొన్నాయి. 1978 నవంబరు 23వ తేదీనుంచి ఆ పంపకం అమలులోకి వచ్చింది. మా పెద్దలు వీటిని కిలోసైకిళ్లు అనేవారు. పేరు మారింది గాని వస్తువు మారలేదు. మొదటి మెట్టు 531, చివరి మెట్టు 1602, అన్నీ కలిపి 120 మెట్లు. హైదరాబాదు కేంద్రానికి ప్రసిద్ధమైన 738ని తొమ్మిదితో భాగించి చూడండి: 82 వస్తుంది, శేషం ఉండదు. విజయవాడకు ప్రసిద్ధమైన 837ని భాగిస్తే 93 వస్తుంది. మనం ఇప్పుడు చెప్పుకోబోయే సిడ్నీ, మెల్బోర్న్ నగరాల పరభాషా ప్రసారాలు చిరకాలం నిలిచిన 1107, 1224 సంఖ్యలు కూడ అలాగే నిశ్శేషంగా భాగింపబడతాయి. మనమూ వారూ ఒకే నిచ్చెన మెట్ల మీద నిలబడి ఉన్నామన్నమాట.

నూటయిరవై మెట్లు. వాటి మీద ఎవరు నిలబడాలి? ప్రభుత్వ భాష ముందుగా నిలబడుతుంది. తరువాత వర్తకం నిలబడుతుంది. ఇతర దేశాలనుంచి వచ్చి, ఆ దేశంలో స్థిరపడి, పన్నులు కట్టుతూ, ఇంటిలో మాత్రం వేరొక భాష మాట్లాడుకొనే కుటుంబాల మాట ఏమిటి? ఇటువంటివారికోసం నడిచే కేంద్రాలను ఇంగ్లీషులో ఎథ్నిక్ రేడియో అంటారు. దీనికి తెలుగులో సరియైన మాట కుదరడం లేదు. జాతి అంటే అర్థం వేరైపోతుంది. తెగ అంటే అవమానమవుతుంది. వలస వచ్చిన భాషాసమూహాల రేడియో అని విడమరచి చెప్పుకోవడమే మేలని మాకు తోచింది. ఈ విషయంలో ఆస్ట్రేలియా పడిన పాట్లు తెలుసుకోదగినవి. అక్కడ తప్పులు జరిగినవి, దిద్దుబాట్లు జరిగినవి, రెండూ బహిరంగంగానే జరిగినవి.

రెండవ ప్రపంచ యుద్ధానంతరం ఆస్ట్రేలియా ప్రభుత్వమే పనిగట్టుకొని ఐరోపానుంచి ప్రజలను రప్పించుకొన్నది. ఇటాలియనులు, గ్రీకులు, యుగోస్లావులు, తరువాత లెబనానునుంచి వచ్చినవారు కర్మాగారాలలోను, గనులలోను పనిచేశారు. వారి చేతులు కావలసినవి గాని వారి భాషలు కావలసినవి కావు. పరభాషలో ప్రసారం చేసే వాణిజ్య కేంద్రాలు తమ మొత్తం సమయంలో నూటికి రెండున్నర పాళ్లు మించి ఆ భాషలకు ఇవ్వరాదని నియమం ఉండేది. రోజుకు 18 గంటలు ప్రసారం చేసే కేంద్రం విషయంలో అది 27 నిమిషాలవుతుంది. పైగా పరభాషలో చెప్పిన మాటను ఇంగ్లీషులో తిరిగి చెప్పవలసి ఉండేది. 27 నిమిషాలలో సగం అలా పోతుంది. ఆ నియమాలు 1970ల ఆరంభంలో గాని తొలగిపోలేదు. ఇందులో గమనించవలసిన సంగతి ఒకటి ఉన్నది. ఈ నిషేధానికి తరంగాల కొరతతో ఏ సంబంధమూ లేదు. ఉన్న కేంద్రం, ఉన్న తరంగం, ఉన్న గంటలే. వాటిలో ఏ భాష పలకాలన్నదే ప్రశ్న. చోటు లేదన్న మాట తరువాత వచ్చింది.

మార్పు వచ్చిన తీరు కొంచెం విచిత్రమైనది. భాషల మీద ప్రేమ కంటె ముందు ఆరోగ్య బీమా పథకం దానికి కారణమయింది. 1975 జులై 1వ తేదీనుంచి మెడిబ్యాంక్ అనే పథకాన్ని ప్రారంభించాలని విట్లమ్ ప్రభుత్వం నిశ్చయించింది. ప్రతి కుటుంబమూ పేరు నమోదు చేసుకోవాలి, కార్డు తీసుకోవాలి, ఏ వైద్యుని వద్దకు ఎలా వెళ్లాలో తెలుసుకోవాలి. ఇంగ్లీషు రాని లక్షలమందికి ఈ సంగతి ఎవరు చెప్పాలి? కరపత్రాలు చదవనివారున్నారు. వారికి చెప్పవలసినవాడు వారి భాషలో, వారి వంటింటిలో వినిపించాలి. అంతకు పూర్వం వలస వ్యవహారాల మంత్రిగా పనిచేసిన అల్ గ్రాస్బీ ఈ ఆలోచనకు వెన్నుదన్నుగా నిలిచాడు. 1975 జూన్ 9న సిడ్నీలో టూ ఈ ఏ, అదే నెల 23న మెల్బోర్న్‌లో త్రీ ఈ ఏ అనే రెండు కేంద్రాలు మొదలయ్యాయి. ఒకటి ఏడు భాషలలో, రెండవది ఎనిమిది భాషలలో. ఈ ఏ అన్న అక్షరాలు ఎథ్నిక్ ఆస్ట్రేలియా అన్న మాటలకు సంకేతాలు. మూడు నెలల ప్రయోగమని చెప్పి ఆరంభించారు.

మూడు నెలల ప్రయోగం అనే మాట మా వృత్తిలో ఉన్నవారికి నవ్వు తెప్పిస్తుంది. ప్రతిరోజూ ఒకే వేళకు తన భాష వినడానికి అలవాటుపడిన ఇంటిలో తొంభయ్యవ రోజున ఆ గొంతు ఆపివేయడం ఎవరి తరం? ప్రయోగం ముగియలేదు. భాషలు పెరిగాయి. చివరకు ఆ రెండు కేంద్రాలనూ నడపడానికి ప్రత్యేకంగా చట్టం చేసి, 1978 జనవరి 1నుంచి స్పెషల్ బ్రాడ్‌కాస్టింగ్ సర్వీస్ అనే సంస్థను నెలకొల్పారు. నేడు ఎస్.బి.ఎస్. అని లోకం ఎరిగినది అదే. టెలివిజను దానికి 1980లో వచ్చింది. పుట్టుక మాత్రం రేడియోగానే.

అదే 1975లో, మే నెలలో, మెల్బోర్న్‌లోనే మరొక కేంద్రం పుట్టింది. త్రీ జెడ్ జెడ్ అని దాని పేరు. అక్కడి జాతీయ ప్రసార సంస్థ, ఏ.బి.సి., తన తలుపులు తెరిచి, ప్రజాసమూహాలు తామే వచ్చి తమ కార్యక్రమాలు తామే తయారుచేసుకొమ్మన్నది. వచ్చినవారిలో ఎక్కువమంది వలస భాషలవారే. వార్తలు, పాటలు, కార్మికుల హక్కులు, స్వదేశ రాజకీయాలు, అన్నీ వచ్చాయి. వాటితోపాటు తగవులూ వచ్చాయి. 1977లో, రెండేళ్లు నిండి కొద్దికాలమైనా గడవకముందే, ఆ కేంద్రం మూతబడింది. నిరసనలు జరిగాయి గాని ఫలితం లేకపోయింది. తరంగం ఏ.బి.సి.ది, ట్రాన్స్‌మిటరు ఏ.బి.సి.ది, డబ్బు ప్రభుత్వానిది. గొంతు మాత్రమే వారిది. ప్రసారం చేయడానికి అనుమతి వేరు, లైసెన్సు వేరు అన్న భేదం ఆనాడు మెల్బోర్న్ భాషాసమూహాలకు అనుభవంలోకి వచ్చింది. తమ స్వంత లైసెన్సుతో త్రీ జెడ్ జెడ్ జెడ్ అనే కేంద్రం, 92.3 మెగాహెర్ట్జుల మీద, వారికి 1989లో గాని చేకూరలేదు. పేరులో ఒక జెడ్ పెరగడానికి పన్నెండేళ్లు పట్టింది.

ఇంత ఆలస్యానికి తరంగాల కొరతే కారణమని అనేవారు. కొరత ఉన్నమాట నిజమే. కాని అది ఎలా వచ్చిందో కూడ చెప్పవలసి ఉన్నది. ప్రపంచంలో చాలా దేశాలు ఎఫ్.ఎం. ప్రసారాలకు 88నుంచి 108 మెగాహెర్ట్జుల వరకు ఉన్న పట్టీని వాడుకొన్నాయి. ఆస్ట్రేలియా ఆ పట్టీలో పెద్దభాగాన్ని తన మూడవ, నాలుగవ, ఐదవ టెలివిజన్ చానళ్లకు ఇచ్చివేసింది. ఏ.బి.సి. ప్రయోగాత్మకంగా నడుపుతున్న ఎఫ్.ఎం. ప్రసారాలు 1961లో ఆగిపోయాయి. తరువాత ఎఫ్.ఎం.ను ఇంకా పై పట్టీలోకి, లోకంలో ఎవరి రేడియోలూ పట్టుకోలేని చోటికి, పంపాలని కూడ ఆలోచించారు. అలా జరిగి ఉంటే ప్రతివారూ ఆస్ట్రేలియా కోసమే తయారైన రేడియో కొనవలసి వచ్చేది. 1974లో సర్ ఫ్రాన్సిస్ మెక్లీన్ నాయకత్వాన జరిగిన విచారణ ఆ ఆలోచనను త్రోసిపుచ్చి, లోకమంతా ఉన్న పట్టీలోకే రమ్మని సలహా ఇచ్చింది. ఆ సంవత్సరం డిసెంబరులో సిడ్నీలో సంగీత ప్రియుల సంఘం ఒకటి తొలి ఎఫ్.ఎం. కేంద్రాన్ని ప్రారంభించింది. టెలివిజన్ చానళ్లను అక్కడనుంచి ఖాళీ చేయించడానికి మరెన్నో ఏళ్లు పట్టింది. ఇంటిని అద్దెకు ఇచ్చివేసి ఇంటిలో చోటు లేదన్నట్లున్నది ఈ వ్యవహారం.

ఎఫ్.ఎం. తరంగాలు చూపుమేర మాత్రమే పోతాయి. రాత్రివేళ వందల మైళ్లు ప్రయాణం చేసి పొరుగువాని ప్రసారంలో తలదూర్చవు. అందుచేత ఒకే సంఖ్యను దూరదూరంగా ఉన్న పట్టణాలలో మరల మరల వాడుకోవచ్చు. చిన్న సమూహాలకు ఇది వరం. బ్రిస్బేన్‌లో ఫోర్ ఈ బి 1979 డిసెంబరులో మధ్యతరంగం మీద మొదలై, తరువాత 98.1 మెగాహెర్ట్జులకు మారింది. ఎడిలైడ్‌లో ఫైవ్ ఈ బి ఐ మొదట విశ్వవిద్యాలయ కేంద్రంలో గంటలు అడిగి పుచ్చుకొని, తరువాత స్వంత లైసెన్సు సంపాదించుకొన్నది. ఇవి ప్రభుత్వ కేంద్రాలు కావు, వర్తక కేంద్రాలూ కావు. సభ్యుల చందాలు, కొంత ప్రభుత్వ సహాయం, గంటకు ఐదు నిమిషాలు మించని ప్రాయోజక ప్రకటనలు, వీటితో నడుస్తాయి. లైసెన్సు ఐదేళ్లకొకసారి పునరుద్ధరించుకోవాలి. మీరు ఏ సమూహానికి సేవ చేస్తామన్నారో ఆ సమూహానికే చేస్తున్నారా అని అప్పుడు అడుగుతారు. ఈ ప్రశ్న మాకు చాలా నచ్చింది.

లైసెన్సు చేతికి వచ్చిన తరువాత అసలు చిక్కు మొదలవుతుంది. వారానికి 168 గంటలు. మనుష్యులు మేలుకొని ఉండే వేళలు, ఉదయం ఆరునుంచి అర్ధరాత్రి వరకు లెక్కవేసినా, 126 గంటలు. అరవై భాషలవారు వాటా అడిగితే ఒక్కొక్కరికి రెండు గంటల ఆరు నిమిషాలు వస్తాయి. లెక్క తేలికే. కాని 126 గంటలూ ఒకటి కావు. ఉదయం ఏడు గంటల వేళ, సాయంకాలం ఆరు గంటల వేళ, ఆదివారం ఉదయం: ఇవి అందరికీ కావాలి. మంగళవారం మధ్యాహ్నం రెండున్నరకు ఎవరికీ అక్కరలేదు. నిర్ణయం చేసే సంఘంలో పెద్ద భాషలవారికి ఓట్లు ఎక్కువ. పాతవారు మంచి వేళలలో కూర్చున్నారు; క్రొత్తగా, యుద్ధం తప్పించుకొని నిన్న మొన్న వచ్చినవారికి రాత్రి పదకొండు గంటల వేళ చూపుతారు. తెల్లవారు జామున లేచి కర్మాగారానికి పోవలసినవాడు పదకొండు గంటలకు వింటాడా? మా కేంద్రంలో కూడ ఒక కార్యక్రమం వేళను అరగంట వెనుకకు జరిపితే వచ్చే ఉత్తరాల కట్ట మేము చూచినదే. శ్రోత దృష్టిలో లైసెన్సు అంటే తరంగం కాదు, వేళ. ఈ విషయం లైసెన్సు పత్రాలలో వ్రాసి ఉండదు.

లండనులో పంపకం ఇంకొక అడుగు ముందుకు పోయింది. అక్కడ 1980లలో అనుమతి లేని కేంద్రాలు ఎన్నో ఉండేవి. అధికారులు వచ్చి యంత్రాలు పట్టుకుపోవడం, మరునాడు మరొక మేడ మీద మరొక యంత్రం వెలవడం మామూలయింది. 1989లో ప్రసార అధికార సంస్థ కొన్ని క్రొత్త లైసెన్సులు ఇచ్చి వీరిలో కొందరిని వెలుగులోకి రమ్మన్నది. దక్షిణాసియా వారు ఎక్కువగా ఉండే సౌతాల్‌లో సన్‌రైజ్ రేడియో ఆ విధంగా వచ్చినదే. ఉత్తర లండనులోని హేరింగేలో మాత్రం 103.3 అనే ఒక్క తరంగాన్ని ఇద్దరికి ఇచ్చారు: గ్రీకు రేడియోకూ, నల్లజాతివారి మరొక కేంద్రానికీ. ఒకరు కొన్ని గంటలు పలికి నిశ్శబ్దమయ్యేవారు, రెండవవారు మొదలుపెట్టేవారు. మంచి గ్రీకు సంభాషణ వింటూ ఉన్న ముదుసలికి ఉన్నట్టుండి వేరే సంగీతం వినిపించేది. ఆ సంగీతం కోసం కాచుకొని ఉన్న యువకునికి అంతవరకు గ్రీకు. ఇటువంటి ఏర్పాటును న్యాయమని అనవచ్చునేమో గాని సుఖమని అనలేము.

ఆస్ట్రేలియాలో రెండవ ద్వారం ఒకటి తెరిచారు. అది డబ్బు ద్వారం. 1992లో వచ్చిన ప్రసార చట్టం పరిమిత శ్రోతల కోసం నడిచే కేంద్రాలకు ఒక తరగతి ఏర్పరచింది. పాత పట్టీ చివర 1602కు ఆవల, 1705 వరకు ఉన్న కొంత చోటును తక్కువ శక్తిగల ట్రాన్స్‌మిటర్ల కోసం అమ్మారు. గ్రీకు, ఇటాలియను, అరబ్బీ, హిందీ మొదలైన భాషల కేంద్రాలు అక్కడ వెలిసినవి. ఎవరికీ దరఖాస్తు పెట్టి అర్హత నిరూపించుకోనక్కరలేదు, వంతు కోసం కాచుకోనక్కరలేదు, రోజంతా తమ భాషే. మంచిదే. కాని పాతకాలపు రేడియోల ముల్లు 1605 దగ్గర ఆగిపోతుంది! ఎవరికోసమని ఆ ప్రసారాలు ఉద్దేశింపబడినవో ఆ వృద్ధుల ఇండ్లలో ఉన్నవి ఆ రేడియోలే. ఇంకొక సంగతి: ఆ లైసెన్సులో భాష పేరు ఉండదు. ఈరోజు ఒక భాషలో నడిచే కేంద్రం అమ్ముడుపోతే రేపు మరొక భాషలో నడవవచ్చు; శ్రోతకు అడిగే చోటు లేదు.

లైసెన్సు దొరకనివారు ఊరుకొంటారని అనుకోరాదు. కెనడాలో 1966లోనే టొరంటో నగరంలో జానీ లొంబార్డి అనే ఆయన బహుభాషా కేంద్రం స్థాపించాడు. 1999నాటి విధానం ప్రకారం అక్కడ ఇటువంటి కేంద్రం తన సమయంలో నూటికి 60 పాళ్లు వలస సమూహాల కార్యక్రమాలకు ఇవ్వాలి. ఇంగ్లీషు, ఫ్రెంచి కాని భాషలకు 50 పాళ్లు ఇవ్వాలి. నియమం చక్కనిదే. కాని పడమటి కోస్తాలో వాంకూవరు పరిసరాలలో పంజాబీవారి సంఖ్య పెరిగినంత వేగంగా లైసెన్సులు పెరగలేదు. కొందరు పంజాబీ ప్రసారకులు సరిహద్దు దాటి, అమెరికాలోని వాషింగ్టన్ రాష్ట్రంలో ఉన్న ట్రాన్స్‌మిటర్లలో సమయం కొనుక్కొన్నారు. మాటలు కెనడాలో తయారయ్యేవి, అమెరికానుంచి గాలిలోకి ఎక్కేవి, మరల కెనడాలో వినిపించేవి. తరంగాలకు సరిహద్దు రక్షకభటులు అడ్డురారు కదా. 2014లో కెనడా అధికార సంస్థ వారిని పిలిచి సంజాయిషీ అడిగింది. చట్టరీత్యా అది సమంజసమే. సరిహద్దుకు ఆవలనుంచి వినవలసిన అగత్యం తమ శ్రోతలకు ఎందుకు కలిగిందో సంస్థ తనను తాను కూడ అడగవలసి ఉండెనని మా అభిప్రాయం.

ఇక మన తెలుగు మాట. ఆస్ట్రేలియా 2016 జనగణనలో ఇంటిలో తెలుగు మాట్లాడేవారు 34 వేలు; 2021 నాటికి వారు దాదాపు 59 వేలయ్యారు. ఎస్.బి.ఎస్. వారు జనగణన ఫలితాలు వచ్చినప్పుడు తమ భాషల పట్టికను పునఃపరిశీలిస్తారు. సంఖ్య ఒక్కటే చూడరు. ఆ భాషవారిలో ఇంగ్లీషు రానివారెందరు, వృద్ధులెందరు, క్రొత్తగా వచ్చినవారెందరు అని కూడ చూస్తారు. అలా చూచినప్పుడు కొన్ని పాత భాషలకు సమయం తగ్గింది, కొన్ని కార్యక్రమాలు ముగిసినవి, క్రొత్త భాషలు చేరినవి. తెలుగు కూడ ఆ పట్టికలో చేరింది. ఈ పద్ధతిని మేము మెచ్చుకొంటున్నాము. మంత్రిగారి ఇష్టాయిష్టాల మీద నడిచేదానికన్న ఇది వేయిరెట్లు మేలు.

కాని ఇందులోనూ ఒక సందు ఉన్నది. తెలుగువారు అక్కడ ఎక్కువగా చదువుకొన్నవారు, ఇంగ్లీషులో ఉద్యోగాలు చేసేవారు. కనుక అవసరమనే కొలత మీద మన భాషకు మార్కులు తక్కువ. ఉదయం ఎనిమిది గంటలకు కొడుకూ కోడలూ పనికి పోతారు, మనుమడు బడికి పోతాడు. ఇంటిలో మిగిలేది ఆరు నెలలు ఉండి పోదామని గుంటూరునుంచో కరీంనగరునుంచో వచ్చిన తల్లీ తండ్రీ. రైలు ఎలా ఎక్కాలో, ఎండ మంటలు చెలరేగిన రోజున కిటికీలు మూసుకోవాలో లేదో, వైద్యుని వద్దకు పోతే ఎంత ఖర్చవుతుందో, వీరికి చెప్పేవారు కావాలి. తెలుగు ప్రసారం అవసరం ఆ ఇంటిలో ఎవరికైనా ఉన్నదంటే వీరికే. ఏడాదికన్న తక్కువ కాలం ఉండి పోయేవారిని అక్కడి జనగణన సందర్శకులుగా భావించి నివాసుల లెక్కలో కలపదు. భాషల పట్టికకు ఆధారమైన అంకెలలో ఆ ఇద్దరూ లేరు.